పెంటియం అని పేరు పెడితే నవ్వాం

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక కంప్యూటర్ షాపులో పనికి కుదిరిన కాలంలో కంప్యూటర్లకు పేర్లుండేవి కావు, నంబర్లే. టూ ఎయిటీ సిక్స్, త్రీ ఎయిటీ సిక్స్, ఫోర్ ఎయిటీ సిక్స్. లోపల మెదడులా పనిచేసే ప్రాసెసర్ చిప్పుకున్న నంబరే కంప్యూటర్ పేరు. ముందు అంకె పెరిగిందంటే స్పీడు పెరిగినట్టు, రేటు కూడా పెరిగినట్టు. కస్టమర్‌కి అంతకుమించి విడమర్చి చెప్పే పని ఉండేది కాదు. పాలిటెక్నిక్ పాసై, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం తప్ప వ్యాపారం తెలియని నాలాంటివాడు కూడా కౌంటర్ దగ్గర ధైర్యంగా మాట్లాడగలిగాడంటే ఆ అంకెల పుణ్యమే. "ఇప్పుడే తొందరేముంది, ఐదోది వస్తోందటగా, అది చూసి కొందాం" అని బేరం వాయిదా వేసే పెద్దమనుషులు కూడా తయారయ్యారు. ఐదోది అంటే ఫైవ్ ఎయిటీ సిక్స్. అందులో ఎవరికీ అనుమానం లేదు. పత్రికలు అలాగే రాసేవి, డీలర్లు అలాగే చెప్పేవాళ్లు, మేమూ అలాగే చెప్పాం.

1992 చివర్లో ఆ ఐదోదానికి పేరు పెట్టారన్న వార్త మా షాపు దాకా వచ్చింది. మా ఓనర్ గుజరాతీ, అందరం భాయ్ అనేవాళ్లం. మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఇంగ్లీషు కంప్యూటర్ పత్రిక తిరగేస్తూ పైకి చదివాడు, "పెంటియం" అని. బెంచీ మీద మదర్‌బోర్డులు పరుచుకుని కూర్చున్న కుర్రాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో వరంగల్ నుంచి వచ్చినతను ఒకడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు, "ఏందీ? పెంటనా?" అన్నాడు. అంతే. సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి మరీ నవ్వాం.

భాయ్‌కి అర్థం కాలేదు. ఇంతమంది ఎందుకు పడీ పడీ నవ్వుతున్నారో చెప్పమని పట్టుబట్టాడు. చివరికి మావాడే, "గోబర్, భాయ్, గోబర్" అని హిందీలో విప్పి చెప్పాడు. భాయ్ నవ్వలేదు. పత్రిక మడిచి డ్రాయర్‌లో పెట్టి, కస్టమర్ ముందు ఈ మాట ఎవరైనా అన్నారో జీతంలో కోస్తానన్నాడు. ఆయన భయం ఆయనది. లక్ష రూపాయలకు అటూ ఇటూగా పలికే సరుకు రేపు అమ్మాల్సింది తెలుగువాళ్లకే కదా.

ఎన్ని జాగ్రత్తలు చెప్పినా అది ఆగే మాట కాదు. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లే అనేవాళ్లు. కొందరు ఇబ్బందిపడుతూ, ఆ మొదటి రెండక్షరాల దగ్గర గొంతు తగ్గించి, "అదే బాబూ, ఆ కొత్తది" అని ఊరుకునేవాళ్లు. కొందరు పెన్షియం అన్నారు, కొందరు పేంటియం అన్నారు. ఒక కాలేజీ లెక్చరర్ గారైతే, "ఇది మందుల షాపులో అమ్మాల్సిన పేరోయ్, పూటకో చెంచా చొప్పున" అన్నారు. ఎవరెన్ని విధాలుగా అన్నా ఒక మాట మాత్రం అందరూ అడిగారు: చక్కగా ఫైవ్ ఎయిటీ సిక్స్ అని పెడితే ఏం పోయింది?

పోయేదే మరి. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఇంటెల్ అనే అమెరికా కంపెనీ ఒక్కటే త్రీ ఎయిటీ సిక్స్ చిప్పులు చేసే రోజులు పోయి, పోటీ కంపెనీ ఏఎండీ కూడా తన త్రీ ఎయిటీ సిక్స్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఆ నంబరు మాది, మీరు వాడకూడదు అని ఇంటెల్ కోర్టుకెక్కింది. 1991 మార్చిలో కాలిఫోర్నియాలో ఫెడరల్ జడ్జి, 386 అనేది ఫలానా రకం చిప్పుకు అందరూ వాడే మాటైపోయింది, అది ఒకరి సొత్తు కాదు అని తీర్పిచ్చాడు. అంటే ఫైవ్ ఎయిటీ సిక్స్ అని ఇంటెల్ పెట్టిన మర్నాడే ఏఎండీ, సైరిక్స్ లాంటి పోటీ కంపెనీలు కూడా అదే నంబరు వేసి సగం రేటుకు అమ్ముకోవచ్చు. నంబరు మీద హక్కు రాదు గనక పేరు కావాలి. అదీ, ఇంతవరకూ ఏ భాషలోనూ లేని మాటైతే ఇంకా మంచిది.

ముందు తమ ఉద్యోగులనే పేర్లు చెప్పమన్నారట. వేలల్లో వచ్చాయి. అందులో ఎగతాళివీ ఉన్నాయి. పోటీ కంపెనీని వెక్కిరిస్తూ ఒకరు "ఐ సీ యూ సైరిక్స్" అని రాశారు, ఇంకొకరు "586నాట్" అని. అవి చదివినప్పుడు నాకు మా బెంచీ గుర్తొచ్చింది. చిప్పులు తయారుచేసే చోటా కుర్రాళ్లు కుర్రాళ్లే. చివరికి లెక్సికాన్ అనే పేర్లు పెట్టే కంపెనీ చేత పని పూర్తి చేయించారు. డబ్బు తీసుకుని వస్తువులకు పేర్లు పెట్టడమే వాళ్ల వృత్తి. యాపిల్ వాళ్ల పవర్‌బుక్ పేరు కూడా వాళ్లదే, తర్వాత బ్లాక్‌బెర్రీ కూడా. గ్రీకులో ఐదుకు పెంటా, దాని చివర సోడియం, టైటానియంలకున్న తోక. ఐదో తరం అన్న అర్థమూ ఉండాలి, మూలకం పేరులా గట్టిగానూ వినపడాలి అని లెక్క. ప్రపంచంలో ఎవరికీ తప్పుగా వినపడకూడదని కూడా చూసుకునే ఉంటారు. తెలుగు దాకా రాలేదంతే.

1993 మార్చి 22న చిప్పు బయటికి వచ్చింది. స్పీడు 60, 66 మెగాహెర్ట్జ్. ఫోర్ ఎయిటీ సిక్స్‌లో 12 లక్షల ట్రాన్సిస్టర్లుంటే దీంట్లో 31 లక్షలు. వేడిని లాగేసే హీట్‌సింక్, దాని మీద ఫ్యాను లేకుండా దీన్ని నడపడం కుదరదు. మా దగ్గరికి ఆ మొదటి రకాలు పెద్దగా రాలేదు. వోల్టేజీ తగ్గించి చేసిన 75, 90, 100 మెగాహెర్ట్జ్‌వి వచ్చాకే పార్క్‌లేన్‌లో పెంటియం అన్న మాట నిజంగా చెలామణీ అయింది.

ఈలోగా ఒక వార్త మా నవ్వులకు కాస్త కళ్లెం వేసింది. పెంటియం తయారీకి నాయకత్వం వహించినవాళ్లలో వినోద్ ధామ్ అనే మనదేశస్థుడున్నాడని. పుణెలో పుట్టి, ఢిల్లీలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లినాయన. పెంటియం పితామహుడు అని అప్పుడే రాయడం మొదలుపెట్టారు. (2025లో పద్మభూషణ్ వచ్చింది ఆయనకు.) మా పక్క షాపులో ఒకతను ఆయన తెలుగువాడేనని ఒట్టేసి చెప్పేవాడు. ధామ్ అన్న ఇంటిపేరు మనలో ఎక్కడుందయ్యా అంటే, అమెరికా పోయాక కుదించుకున్నాడు అని సమాధానం. మనవాడైతే సొంత చిప్పుకు ఆ పేరు పెట్టనిస్తాడా అని మేం అడిగితే మాత్రం దారి మళ్లించేవాడు.

నాకు బాగా గుర్తున్నది చిక్కడపల్లిలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఒకాయన. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ కవిత్వ సంపుటాలు. అక్షరాలు చేత్తో కూర్చే కాలం నుంచి పైకొచ్చిన మనిషి. ఆయన దగ్గర ఫోర్ ఎయిటీ సిక్స్ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు నడిచేవి. నాలుగు రంగుల వినాయకుడి బొమ్మ పెట్టిన శుభలేఖ ఫైలు తెరిస్తే బొమ్మ పైనుంచి కిందకు గీతలు గీతలుగా దిగేది. తొండం వచ్చేసరికి ఆపరేటర్ అమ్మాయి లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చేది. పెళ్లిళ్ల సీజన్‌లో అలా ఎన్ని వినాయకులని! ఆయన పెంటియం కొన్నాడు. నేనే అసెంబుల్ చేసి తీసుకెళ్లి పెట్టాను. అదే ఫైలు తెరిస్తే బొమ్మ గబగబా దిగిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకోసారి తెరువమ్మా" అన్నాడు. మళ్లీ తెరిచింది. "పేరెట్లా ఉంటేనేం" అని ఒక్క మాట అని చెక్కు రాసిచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయనే షాపుకొచ్చాడు, కాస్త కంగారుగా. "బాబూ, దీనికి లెక్కలు రావటగా?" అన్నాడు.

అది 1994లో బయటపడ్డ భాగహారం తప్పు గొడవ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తుంటే జవాబులు తేడాగా వచ్చాయి. ప్రోగ్రామంతా వెతికి, తప్పు ప్రోగ్రాంలో కాదు చిప్పులోనే ఉందని తేల్చాడు. భాగహారం త్వరగా చేయడానికి చిప్పు లోపల ఒక పట్టిక పెట్టారు. ఎక్కం అప్పజెప్పినట్టు దాన్ని చూసి చెప్పేస్తుందన్నమాట. ఆ పట్టికలో ఉండాల్సిన 1066 గళ్లలో ఐదు ఖాళీగా ఉండిపోయాయి. ఏ లెక్కైనా ఆ గళ్ల మీదుగా పోయిందా, తప్పు జవాబు. ముందు ఇంటెల్, ఇది మామూలు మనుషులకు తగిలేది కాదు, అవసరమని నిరూపించుకున్నవాళ్లకే మారుస్తాం అంది. జనం ఊరుకోలేదు. డిసెంబరులో ఐబీఎం పెంటియం మిషన్లు పంపడం ఆపేసింది. చివరికి 1994 డిసెంబరు 20న ఇంటెల్, అడిగిన ప్రతివాళ్లకూ మార్చి ఇస్తామని ఒప్పుకుంది. దానికి 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సివచ్చింది.

అప్పుడు పుట్టిన జోకులు సముద్రాలు దాటి పార్క్‌లేన్ దాకా వచ్చాయి. ఎవరో ప్రింటు తీసిన కాగితం జిరాక్స్‌లు తిరిగేవి. అందులో అన్నిటికంటే పేరు పొందింది పేరు మీదే. ఇంటెల్ దీన్ని ఫైవ్ ఎయిటీ సిక్స్ అని ఎందుకనలేదు? 486కి 100 కలపమని మొదటి పెంటియంకు చెబితే 585.999983605 అంది, అందుకని. దాన్ని నేను భాయ్‌కి చదివి వినిపించాను. గోబర్‌కు నవ్వనాయన దీనికి నవ్వాడు, వ్యాపారస్తుడు కదా, లెక్క తప్పడంలో ఉన్న హాస్యం ఆయనకు తెలుసు.

ప్రెస్ ఆయన సంగతికొస్తాను. ఆ రోజుల్లో పరీక్ష ఒకటుండేది. ఎక్సెల్ తెరిచి 4195835ని 3145727తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే 3145727తో గుణించి, 4195835లోంచి తీసేయాలి. సరైన చిప్పైతే సున్నా రావాలి. తప్పుదైతే 256 వస్తుంది. ఆ రెండు అంకెలూ అప్పట్లో మాకు ఫోన్ నంబర్లలా నోటికొచ్చేవి. ఆయనతో పాటు చిక్కడపల్లి వెళ్లి, ఆయన కుర్చీ వెనక నిలబడి చూస్తుండగా కొట్టాను. సున్నా వచ్చింది.

"సున్నా అంటే మంచిదా, చెడ్డదా?"

"మంచిదేనండీ. మీది సరిచేశాక వచ్చిన చిప్పు."

"అయితే ముహూర్తాలు తప్పు పడవుగా?"

ముహూర్తం మీరు టైపు చేసిందే పడుతుందండీ, అది లెక్క కట్టదు అన్నాను. "అదే కావాలి. లెక్కలు సిద్ధాంతిగారు చూసుకుంటారు" అని కుదుటపడ్డాడు. ఆపరేటర్ అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంటోంది.

మామూలుగా అయితే ఆ దెబ్బకు ఆ పేరు చచ్చిపోవాలి. పేరే నవ్వులపాలు, దాని మీద లెక్కలు రావన్న అపకీర్తి. కానీ జరిగింది వేరు. గొడవ పేపర్లకెక్కింది గనక కంప్యూటర్ మొహం చూడనివాళ్లకు కూడా పెంటియం అన్న మాట తెలిసిపోయింది. తప్పు ఒప్పుకుని మార్చి ఇచ్చారన్నదీ తెలిసింది. 96, 97 వచ్చేసరికి కంప్యూటర్ కొనడానికి వచ్చినవాళ్లు కంప్యూటర్ అనడం మానేసి "పెంటియం ఉందా?" అనడం మొదలుపెట్టారు. అమీర్‌పేట్‌లో ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద కోర్సుల కింద పెద్దక్షరాలతో ఇదే. చురుకైన పిల్లాణ్ని చూసి "వీడి బుర్ర పెంటియం" అనేవాళ్లు. పెంట అన్న మాట ఎటు పోయిందో తెలియదు. రోజుకు వందసార్లు పలికే మాటలో అర్థం కోసం ఎవరూ వెతకరు కాబోలు.

స్టిక్కర్ల పిచ్చి ఇంకోటి. 1991లో మొదలైన ఇంటెల్ ఇన్‌సైడ్ ప్రచారం పుణ్యమా అని కేబినెట్ ముందు చిన్న స్టిక్కర్ ఉండాలి. అది వంకరగా అంటిస్తే మనస్తాపం చెందే కస్టమర్లున్నారు. లోపల ఏముందో ఎవరూ విప్పి చూడరు, స్టిక్కర్ మాత్రం వేలితో తడిమి చూసేవాళ్లు. మా వరంగల్ అతను తన చేతక్ స్కూటర్ డూమ్ మీద ఒకటి అంటించుకున్నాడు. పెట్రోల్ బంకులో పనిచేసే కుర్రాడు, "అన్నా, ఇది పెంటియం స్కూటరా?" అని అడిగాడని రెండు నెలలు చెప్పుకున్నాడు.

ఆరో తరం చిప్పు వస్తోందంటే పేరేం పెడతారా అని పందాలు. ఐదు పెంటా అయితే ఆరు హెక్సా, హెక్సియం అని కొందరు. లాటిన్ తెలిసినవాళ్లు సెక్సియం అని అమెరికాలోనే జోకులేశారు. మన లెక్చరర్ గారు మాత్రం, "పంచమి తర్వాత షష్ఠి గదా, షష్ఠియం అని పెట్టమనండి, మంగళప్రదంగా ఉంటుంది" అన్నారు. వాళ్లు ఏమీ పెట్టలేదు. పెంటియం ప్రో అన్నారు, తర్వాత 1997లో పెంటియం టూ. ఐదు రెండంటే పదా అని అడిగినవాళ్లకు మా దగ్గర జవాబు లేదు. చేతిలోకొచ్చిన పేరును ఎవరు వదులుకుంటారు? 1999లో త్రీ, 2000 నవంబరులో ఫోర్. మళ్లీ నంబర్ల దగ్గరికే వచ్చాం. కాకపోతే ఈసారి అంకె ముందు పేరుంది, ఏ జడ్జీ దాన్ని తీసేయలేడు. మనవాళ్లు దాన్ని కూడా కుదించి పీ టూ, పీ త్రీ, పీ ఫోర్ చేశారు.

పేరును బట్టి కాదు, వస్తువును బట్టే నవ్వు నిలుస్తుందో పోతుందో తేలుతుందని నాకు నమ్మకం కలిగించింది ఇంటెల్ వాళ్లదే సెలెరాన్. 1998 ఏప్రిల్‌లో తక్కువ రేటు చిప్పుగా వచ్చింది. లాటిన్‌లో వేగం అని అర్థమొచ్చే మాటలోంచి తీశారట. మొదటి సెలెరాన్‌లో రెండో అంచె క్యాష్ మెమరీ, అంటే మాటిమాటికీ కావాల్సిన సమాచారాన్ని చిప్పు చేతికందేలా దాచుకునే చోటు, అసలే లేదు. రేటు తగ్గించడానికి దాన్నే కోసేశారు. పార్క్‌లేన్‌లో ఒక్క రోజులో మాట పుట్టేసింది: క్యాష్ లేనివాళ్ల కోసం క్యాష్ లేని ప్రాసెసర్. అమ్మేవాడే అలా అని నవ్వుతుంటే కొనేవాడికి ఇంకేం నమ్మకం? అదే ఏడాది ఆగస్టులో 300ఏ అనే రకం వచ్చింది, 128 కేబీ క్యాష్‌ను చిప్పులోనే పెట్టి. బస్ స్పీడును, అంటే చిప్పుకూ మదర్‌బోర్డుకూ మధ్య సమాచారం నడిచే వేగాన్ని, 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో పరిగెత్తేది. చాలావరకు నిలబడేది కూడా. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు దీనికోసం ఎగబడ్డారు. అంతకుముందు సెలెరాన్ అంటే పెదవి విరిచినవాళ్లే "త్రీ హండ్రెడ్ ఏ" అని గుసగుసగా అడిగేవాళ్లు, బ్లాకులో టికెట్లు అడిగినట్టు. పేరు అదే, నవ్వు పోయింది.

దీనికి తిరగేసిన కథ ఇంటెల్ వాళ్లదే ఇంకో చిప్పు, ఇటానియం. నేను అమ్మిన సరుకు కాదది, పెద్ద పెద్ద సర్వర్లకు పెట్టేది. 1999 అక్టోబరులో ఆ పేరు ప్రకటించిన రోజే ఇంటర్నెట్‌లో ఎవరో దాన్ని ఇటానిక్ అన్నారు, 1912లో మునిగిపోయిన ఆ పెద్ద ఓడ పేరు కలిసొచ్చేలా. అప్పటికి చిప్పు బయటికే రాలేదు. 2001లో వచ్చింది. పాత ప్రోగ్రాములు దాని మీద నత్తనడక నడిచాయి, 2003లో ఏఎండీ పాత ప్రోగ్రాములూ కొత్తవీ రెండూ నడిపే 64 బిట్ చిప్పులు తెచ్చింది. వేలకోట్లు పోసిన ప్రాజెక్టు చిక్కిపోతూ వచ్చి, 2021లో చివరి సరుకు పంపి మూసేశారు. ఇటానిక్ అన్న మాట మాత్రం చివరిదాకా వదల్లేదు. ఆ చిప్పు పరుగెత్తి ఉంటే ఆ జోకు ఎవరికి గుర్తుండేది?

ఏఎండీ పేర్ల సంగతి చెప్పకపోతే మా వరంగల్ అతను ఊరుకోడు. అథ్లాన్‌ను అతను "అత్త లోన్" చేశాడు. పెళ్లిలో అత్తారిచ్చిన డబ్బుతో కంప్యూటర్ కొనడానికి వచ్చే కొత్త పెళ్లికొడుకులకు అదే చూపించేవాడు.

పెంటియం పేరుకు అసలు దెబ్బ వేసినది జోకులు కాదు, ఇంటెలే. 2006లో కోర్ టూ డుయో వచ్చాక పై మెట్టు కోర్‌కు ఇచ్చి, పెంటియంను చవక రకాలకు దించేశారు. ఒకప్పుడు లక్ష పోసి కొన్న పేరు, బడ్జెట్ లాప్‌టాప్‌ల మీద కనిపించింది. అప్పటికి నేను ఆ వ్యాపారంలోంచి బయటికొచ్చేశాను. మా అక్క కొడుకు, "పెంటియం వద్దు మామయ్యా, అది లో ఎండ్" అన్నప్పుడు వాణ్ని ఏమీ అనలేకపోయాను. వాడన్నది నిజమే.

2022 సెప్టెంబరులో వార్త వచ్చింది. 2023 నుంచి లాప్‌టాప్‌లలో పెంటియం, సెలెరాన్ పేర్లు రెండూ తీసేస్తున్నాం, వాటి స్థానంలో ఉత్త "ఇంటెల్ ప్రాసెసర్" అని ఉంటుంది అని. పేర్లు పెట్టే కంపెనీకి డబ్బిచ్చి, ప్రపంచమంతా టీవీల్లో మోగించిన పేరు పోయి దాని చోట అసలు పేరంటూ ఏదీ లేదు. దీని మీద ఎవరూ నవ్వలేదు, ఎవరూ గొడవ చేయలేదు. నాకు మాత్రం ఎవరికైనా చెప్పాలనిపించి వరంగల్ అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు కూకట్‌పల్లిలో సీసీ కెమెరాలు బిగించే పని చేయిస్తున్నాడు, కింద నలుగురు కుర్రాళ్లున్నారు.

అంతా విని, "వాళ్లే పేరు పెట్టకపోతిరి, ఇంక మనమేం పేరు పెడ్తమన్నా?" అన్నాడు. తర్వాత మా అపార్ట్‌మెంట్‌కి ఎన్ని కెమెరాలు కావాలో, పాత డీవీఆర్ పనికొస్తుందో లేదో అడిగాడు. చాలాసేపు దాని రేటు గురించే మాట్లాడుకున్నాం.